పసిబిడ్డ రాత్రి నిద్ర: ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లకు 18 చిట్కాలు

మే నెలలో ఆదోని, ఎమ్మిగనూరు వైపు పగలు నలభై డిగ్రీలు దాటిన ఎండకు కాగిన మిద్దె అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ఇక ఎవరికీ కంటి మీద కునుకుండదు. బిడ్డ గుక్కపట్టిందంటే చాలు, సలహాలు మొదలవుతాయి. అవ్వ వస నాకించమంటుంది, పక్కింటి పెద్దమ్మ సాంబ్రాణి వెయ్యమంటుంది, మందుల షాపాయన ఏదో ఒక సీసా చేతికిస్తాడు. అన్నీ బిడ్డకు ఏదో ఒకటి పెట్టమనే సలహాలే. నిజానికి పసిబిడ్డ నిద్రకు కావాల్సినవి చాలా తక్కువ: కడుపు నిండా పాలు, చదునైన పడక, ఆడే గాలి, అమ్మ దగ్గర చోటు. వీటికి మించి ఉన్నవాటిని ఎంత తగ్గిస్తే బిడ్డ అంత సుఖంగా, అంత క్షేమంగా పడుకుంటుంది.

నిద్ర తీరు తెలుసుకోండి

1. ముక్కలు ముక్కలుగా పడుకోవడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. అయితే ఆ గంటలు ఒక్క దఫాలో రావు. పుట్టిన కొత్తలో రెండు మూడు గంటలకోసారి ఆకలికి లేస్తారు. రాత్రి మూడుసార్లు లేచిన బిడ్డకు జబ్బు చేసినట్టు కాదు, పాలు చాలనట్టూ కాదు. రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే దిగులు అక్కర్లేదు.

2. పగలూ రాత్రీ తేడా మీరే చూపించండి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు పగలూ లేదు, రాత్రీ లేదు. ఆ తేడా ఒంటికి పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పగలు తలుపు తీసి వెలుతురు రానివ్వండి, మాట్లాడండి, ఆడించండి. ఎమ్మిగనూరు నేతిళ్లలో మగ్గం చప్పుడు మధ్యనే బిడ్డలు పెరిగారు. పగటి కునుకు కోసం పనులాపి ఇల్లంతా గప్‌చిప్‌గా ఉండనక్కర్లేదు. చీకటి పడ్డాక మాత్రం టీవీ కట్టేయండి. పాలివ్వడానికి జీరో బల్బు చాలు. రాత్రి పాలిచ్చేటప్పుడు ఆటలు, ముద్దులు వద్దు. పాలు తాగాక మళ్లీ పడకే.

3. మూలిగిన వెంటనే ఎత్తుకోకండి. కొత్తగా పుట్టిన బిడ్డ నిద్రలో దాదాపు సగం కదిలే నిద్రే. కాళ్లూ చేతులూ ఆడిస్తుంది, మూలుగుతుంది, మొహం చిట్లిస్తుంది, నవ్వుతుంది, ఉలిక్కిపడుతుంది. మనం లేచిందనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది. కాసేపు చూడండి, చాలాసార్లు తనంతట తనే సర్దుకుంటుంది. ఊపిరి కూడా కాసేపు గబగబా ఆడి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ ఆడుతుంది. ఇది చిన్న బిడ్డల్లో మామూలే. ఆ ఆగడం 20 సెకన్లకు చేరినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పడక ఎలా ఉండాలి

4. ఏడాది నిండేదాకా వెల్లకిలానే. పగటి కునుకైనా, రాత్రి నిద్రైనా బిడ్డను వీపు మీదే పడుకోబెట్టాలి. బోర్లా పడుకుంటే గాఢంగా నిద్రపోతారని పెద్దవాళ్లు అనేది నిజమే. ఆ గాఢతే ప్రమాదం: ఊపిరి అందకపోయినా బిడ్డ మేలుకోలేదు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా పోయే బిడ్డల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయం వద్దు. ఆ భంగిమలో గాలిగొట్టం పైన, ఆహారగొట్టం కింద ఉంటాయి. కక్కినా బిడ్డ మింగేస్తుంది, లేదా బయటికి ఉమ్మేస్తుంది. బిడ్డ తనంతట తను బోర్లా పడటం, మళ్లీ వెల్లకిలా తిరగడం రెండూ నేర్చాక రాత్రంతా లేచి తిప్పుతూ కూర్చోనక్కర్లేదు.

5. కుంగే మంచం మీద వద్దు. వదులైన నులక మంచం, సాగిన నవారు మంచం నడిమిలో గుంటపడతాయి. బిడ్డ ఆ గుంటలోకి జారి మొహం మంచానికి ఆనుకుంటుంది. మెత్తటి ఫోమ్ పరుపు, కొత్త దూది పరుపు కూడా అంతే. నేల మీద చాప, దాని మీద మడత పెట్టిన గట్టి బొంత, పైన బిగుతుగా పరిచిన పాత గుడ్డ... దీనికి మించిన పడక లేదు. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లైతే ఎండాకాలం కింద చల్లగానూ ఉంటుంది. వానాకాలంలో తేళ్లు, జెర్రులు తిరిగే ఇల్లైతే పడుకోబెట్టే ముందు బొంత, చాప దులిపి, గోడకు జరిపి కాకుండా గది నడుమ వేయండి.

6. ఆవాల దిండు పక్కన పెట్టండి. తల గుండ్రంగా రావాలని ఆవాలో, రాగులో పోసి కుట్టిన దిండు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాదిలోపు బిడ్డకు ఏ దిండూ అక్కర్లేదు. పక్కన అడ్డుగా పెట్టే దిండ్లు, బొచ్చు దుప్పట్లు, బొమ్మలు అన్నీ తీసేయండి. తల ఒకవైపే చదును కాకుండా ఉండాలంటే ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు తల తిప్పి పడుకోబెట్టండి. మేలుకుని ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని రోజూ కాసేపు బోర్లా ఆడించండి. మెడ గట్టిపడుతుంది, తలా సరిగ్గా వస్తుంది.

7. అదే గదిలో, పక్కనే, కానీ వేరే పడకలో. మన ఇళ్లలో బిడ్డ అమ్మ పక్కలోనే పడుకుంటుంది. పాలివ్వడానికీ అదే వీలు. తల్లి పడకకు ఆనుకునే బిడ్డకు వేరే చిన్న పడక వేస్తే ఇంకా మేలు. ఒకే పడకలో పడుకోక తప్పదంటే కొన్ని కట్టుబాట్లు పాటించాలి. బిడ్డకూ మీకూ మధ్య పెద్దపిల్లలు వద్దు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు, మందు తాగి వచ్చినవాళ్లు, నిద్రమాత్ర వేసుకున్నవాళ్లు ఆ పడకలోకి రాకూడదు. నెలలు నిండక పుట్టిన బిడ్డనూ, రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డనూ మాత్రం వేరే పడకలోనే పెట్టండి. సోఫాలో బిడ్డను రొమ్ము మీద వేసుకుని కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం. బిడ్డ మెడలో తాయెత్తు తాడు, దిష్టిపూసల దండ ఉంటే రాత్రికి తీసి పెట్టండి.

8. చీర ఉయ్యాల కునుకు పట్టించడానికే. దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఊపితే ఎంత ఏడ్చే బిడ్డైనా సద్దుమణుగుతుంది. అయితే అందులో బిడ్డ వంపుగా పడుకుంటుంది; గడ్డం రొమ్ముకు తగిలి ఊపిరి బిగుస్తుంది. నిద్రపట్టాక చదును పడకలోకి మార్చండి. కొక్కేన్నీ ముడినీ రోజూ లాగి చూడండి. ఉయ్యాల కింద బండ మీద మందపాటి బొంత ఒకటి పరచండి. ఖాళీ చీర ఉయ్యాలలో పెద్దపిల్లలు మెలితిప్పి ఆడితే మెడకు చుట్టుకుంటుంది. బిడ్డ అందులో లేనప్పుడు చీరను పైకి ముడేసి పెట్టండి.

ఎండ, చలి, దోమ, పొగ

9. వేడి తగ్గించండి, నీళ్లు పట్టకండి. చల్లబడిందో లేదో చేతులూ కాళ్లూ చూసి చెప్పలేం. పసిబిడ్డలకు అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనకా, రొమ్ము మీదా చెయ్యి పెట్టి చూడండి. చెమటగా, వేడిగా తగిలితే బట్టలు తగ్గించండి. ఎండాకాలం రాత్రి లంగోటీ, పల్చటి నూలు జుబ్బా చాలు. ఫ్యాన్ వేయొచ్చు, గాలి తిరిగితే మంచిదే. కూలర్ పెడితే ఎదురు కిటికీ తీసి ఉంచండి, గాలి నేరుగా మొహం మీదికి కొట్టకుండా తిప్పండి, నీళ్లు తరచూ మార్చండి. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లడం, ఎండలు ముదరకముందే పైన సున్నం కొట్టించడం పాత ఉపాయాలే అయినా పనిచేస్తాయి. ఎండ ఎంత మండినా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టకండి. తల్లిపాలలో 85 శాతానికి పైగా నీరే. ఇంకో రెండుసార్లు ఎక్కువ పాలివ్వండి, తల్లి మాత్రం నీళ్లూ మజ్జిగా బాగా తాగాలి.

10. మెత్తటి పాత నూలుకు సాటి లేదు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతపనివారల సహకార సంఘంతో ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు పేరు పొందాయి. నేత ఊళ్లో ఉండి బిడ్డకు మెరిసే నైలాన్ గౌను వేసి పడుకోబెట్టడం ఎందుకు? ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర, పంచె ముక్కలు చెమట పీలుస్తాయి, చెమటకాయలు రానివ్వవు. కొత్త గుడ్డైతే గంజి, రంగు పోయేదాకా ఉతికాకే వాడండి. చెమటకాయలకు పౌడర్ చల్లకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

11. చలికాలం ఒక పొర ఎక్కువ, అంతే. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర నాటికి ఎమ్మిగనూరులో తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది. మీరు వేసుకున్నదానికన్నా బిడ్డకు ఒక పొర ఎక్కువ వేయండి. నాలుగు స్వెట్టర్లు, పైన రగ్గు అంటే అది ఉక్కపోతే. దుప్పటి కప్పక తప్పకపోతే పల్చటిది రొమ్ము దాకా కప్పి, చేతులు బయట పెట్టి, అంచులు పడక కిందికి దోపండి. ఉలికిపాటు తగ్గాలని గుడ్డలో చుడితే నడుము కింద వదులుగా ఉంచండి. బోర్లా పడే ప్రయత్నం మొదలవగానే చుట్టడం మానేయండి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటు ప్రాణాంతకం. ఆ బొగ్గు విషవాయువుకు వాసన ఉండదు.

12. దోమలకు తెరే మందు. కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంట్లో డ్రమ్ములు, తొట్లు ఉంటాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ మంచినీళ్లలోనే. మూత పెట్టండి, వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగండి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి కునుక్కీ దోమతెర కావాలి. తెర అంచులు పడక కింద దోపి, బిడ్డ మొహానికి తగలకుండా ఎత్తుగా కట్టండి. ఒంటికి రాసే దోమల క్రీములు రెండు నెలల లోపు బిడ్డకు అసలు వద్దు.

13. పొగ ఏదైనా పొగే. దోమల చుట్ట, వేపాకు పొగ, స్నానం తర్వాత పట్టే సాంబ్రాణి, ఇంట్లో కాల్చే బీడీ... బిడ్డ ఊపిరితిత్తులకు వీటిలో మంచిదీ చెడ్డదీ అని తేడా లేదు. ముక్కు బిగుసుకుపోయి బిడ్డ రాత్రంతా లేస్తుంది. సాంబ్రాణి వాసన లేనిదే ఇల్లు ఇల్లులా లేదనిపిస్తే దేవుడి దగ్గర వెలిగించి, బిడ్డను వేరే గదిలో ఉంచండి. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. దిష్టి తీయడం మీ మనసుకు ఊరటైతే తీయండి; మిరపకాయలు మాత్రం బిడ్డకు దూరంగా, బయట కాల్చండి.

పాలు, ఏడుపు, మందులు

14. రాత్రి పాలు మాన్పించకండి. మొదటి వారాల్లో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. పాలు ఊరించే హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా విడుదలవుతుంది, కాబట్టి రాత్రి తాగిస్తేనే పాలు నిలుస్తాయి. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. రాత్రి లేవకూడదని ఆరు నెలల లోపే ఉగ్గు పెట్టడం, పాలలో బిస్కట్టు నానేయడం వల్ల నిద్ర పెరగదు, అరగక కడుపు పాడవుతుంది. ఆరు నెలలు నిండాక రాగి జావ, పప్పుతో మెత్తగా మెదిపిన అన్నం పగటిపూట మొదలుపెట్టి, పాలు కొనసాగించండి.

15. నిద్ర కోసం ఏ మందూ పోయకండి. ఒకప్పుడు పొలానికి పోయే తల్లులు నల్లమందు నాకించి బిడ్డలను పడుకోబెట్టిన ఇళ్లున్నాయి. ఇప్పుడు ఆ చోటికి దగ్గు సిరప్‌లు, జలుబు చుక్కలు వచ్చాయి. మత్తుతో పడుకున్న బిడ్డకు ఊపిరి మందగిస్తుంది. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది; పాత తయారీలో సారాయి సత్తు కలిసేది, బిడ్డ ఊరుకున్నది దానివల్లే. ఇప్పుడు అది లేకపోయినా కడుపునొప్పి తగ్గిస్తుందన్న రుజువూ లేదు. వస నాకించవద్దు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగలిగే సూక్ష్మజీవులు పసిపేగుల్లో విషం పుట్టించి కండరాలు చచ్చుబడేలా చేస్తాయి. ఏడుపు మానాలని వాతలు పెట్టడం బిడ్డను హింసించడమే, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

16. సాయంత్రం ఏడుపుకు ఓపికే విరుగుడు. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోయే ఏడుపు ఒకటుంది. ఆకలి లేదు, జ్వరం లేదు, పొద్దుగూకగానే గంటలకొద్దీ ఏడుపు. బోర్లా ముంజేతి మీద వేసుకుని తిప్పండి, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా నిమరండి, రొమ్ముకు హత్తుకుని జోలపాట పాడండి. విసుగు తలకెక్కితే బిడ్డను వెల్లకిలా పడకలో పెట్టి, ఐదు నిమిషాలు బయటికి వెళ్లి రండి. ఎంత కోపం వచ్చినా బిడ్డను పట్టి ఊపకూడదు. ఒక్కసారి గట్టిగా కుదిపినా మెదడులో రక్తం చిమ్ముతుంది.

పనికి పోయే ఇల్లు, అలసిన తల్లి

17. పత్తి చేలో, వలస గుడారంలో. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి పంట కోతలకు గుంటూరుకూ తెలంగాణకూ వలస పోయే కుటుంబాలతో పసిబిడ్డలూ పోతారు. చెట్టు కింద ఉయ్యాల కడితే నీడ జరిగే కొద్దీ చూసుకుంటూ ఉండండి. చీమలెక్కని కొమ్మ చూడండి. పత్తి కుప్ప మీద, బోరెం మీద బిడ్డను పడుకోబెట్టకండి. మొహం దిగబడితే ఊపిరాడదు. పురుగుమందు కొట్టిన చేలో పనిచేసి వచ్చినవాళ్లు చేతులూ రొమ్మూ సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకున్నాకే పాలివ్వాలి. ఖాళీ మందు డబ్బాలు గుడారంలోకి తేవద్దు. మూటలో దోమతెర ఒకటి తప్పకుండా ఉండాలి. టీకాల కార్డు కూడా వెంట తీసుకెళ్తే ఏ ఊళ్లోనైనా టీకా వేయించుకోవచ్చు.

18. తల్లికీ నిద్ర కావాలి. బిడ్డ పగలు పడుకున్నప్పుడు తల్లీ నడుం వాల్చాలి, గిన్నెలు ఆగుతాయి. రాత్రి పాలు తాగాక త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం తండ్రి చేయాలి. అవ్వ తెల్లవారుజామున ఒక గంట బిడ్డను చూసుకున్నా ఆ తల్లికి కొండంత బలం. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా కారణం లేకుండా ఏడుపొస్తుంటే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది జబ్బే, దానికి వైద్యముంది. ఆశా కార్యకర్తకో, సచివాలయం ఏఎన్ఎంకో చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా, తెలుగులోనే, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు.

తెల్లారేదాకా ఆగకూడని లక్షణాలు

పాలు తాగడం మానేయడం, లేపినా సరిగ్గా మేలుకోకపోవడం, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలెగరేయడం, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం తగలడం, ఒళ్లు చల్లబడిపోవడం, ఫిట్స్, పచ్చటి వాంతి, మాడు గుంటపడటం, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి ఆదోని ఏరియా ఆసుపత్రికో, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పంపితే ఆలస్యం చేయకండి. ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి పంపేయకుండా బిడ్డను తూకం వేయించండి, రాత్రి నిద్ర సంగతీ అడగండి.

ఈ 18లో అన్నీ గుర్తుండకపోయినా, రాత్రి దీపం తగ్గించే ముందు నాలుగు చూసుకోండి: బిడ్డ వెల్లకిలా ఉందా, పడకలో బిడ్డ తప్ప మరేమీ లేదా, మెడ వెనక చెమట లేదా, దోమతెర దోపారా. నాలుగూ సరిగ్గా ఉంటే మీరు చేయాల్సింది చేసినట్టే. ఆ పైన ఎవరైనా ఏదో ఒకటి పోయమనో, నాకించమనో చెబితే, పెద్దల మాట తీసేయలేక సరేనన్నా సరే, డాక్టర్ని అడిగేదాకా చెంచా ఎత్తకండి.